రాత్రంతా పులిసిన మీగడ

సోమవారం పొద్దున్నే సంపాదకుల ఫోన్. "వెన్నలన్నీ పాలలోంచే కదా వచ్చేది. మరి కొన్నే ఎందుకు అంత కమ్మగా ఉంటాయి? శుక్రవారం సాయంత్రానికి ముఖచిత్ర కథనం కావాలి." నేనప్పుడు వేరే పని మీద జంషెడ్‌పూర్‌లో ఉన్నాను. జనవరి నెల, ఎముకలు కొరికే చలి. ఖర్కాయి నది దాటితే ఆదిత్యపూర్, ఆ పక్కనే గమ్హరియా. హౌరా–ముంబయి మార్గంలో టాటానగర్ దాటాక వచ్చే చిన్న స్టేషన్, దాని చుట్టూ కర్మాగారాలు. ఇనుము మధ్య వెన్న కోసం వెతకడమేమిటని మొదట అనిపించింది. రెండు రోజుల్లో ఆ అభిప్రాయం మారిపోయింది.

టాటాల ఉక్కు కర్మాగారం కోసం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. అలాంటి ఒక ఇంటికి తెలిసినవాళ్లు తీసుకెళ్లారు. ఆ ఇంటి పెద్దావిడ రోజూ దగ్గర్లోని ఖటాల్ నుంచి రెండు లీటర్ల గేదెపాలు పోయించుకుంటారు. పశువుల పాకను ఇక్కడ ఖటాల్ అంటారు. పాలు కాచి చల్లార్చి, పైన కట్టిన మందపాటి మీగడ తీసి స్టీలు గిన్నెలో వేసి ఫ్రిజ్‌లో పెడతారు. నాలుగైదు రోజులకు గిన్నె నిండుతుంది.

"నిండగానే చిలికేస్తారా అమ్మా?" అని అడిగాను.

"అలాగెలా సిలుకుతాం బాబూ? తోడెయ్యాలి, ఓ రాత్రంతా బయటుండాలి. పులవని మీగడలో వెన్నొస్తాది గానీ రుసి రాదు."

నా కథనమంతా ఆ ఒక్క మాటలోనే ఉందనిపించింది. పరీక్షించి చూద్దామని ఆవిడను బతిమాలాను. బుధవారం సాయంత్రం గిన్నెలోని మీగడను రెండు భాగాలు చేశారు. ఒక భాగం అలాగే ఫ్రిజ్‌లో ఉండిపోయింది. రెండో దానిలో గరిటెడు పెరుగు కలిపి, మూతపెట్టి, వంటింటి గట్టు మీద ఓ మూలన ఉంచారు.

గురువారం ఉదయం ఆరున్నరకు వెళ్లేసరికి పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. మూత తీయగానే ముక్కుకు తగిలింది వాసన. పెరుగు వాసన కాదది. దానికి కాస్త తీపి, కాస్త వేయించిన గింజల వాసన కలిసినట్టుంది. ఆవిడ వేలితో అంచున రాసి నాలిక మీద పెట్టుకుని తలూపారు. కవ్వం వేశారు. పది నిమిషాలు గడిచినా నురగే తప్ప ఏమీ లేదు. "సలికి కొవ్వు బిగిసిపోయింది" అంటూ కప్పు గోరువెచ్చని నీళ్లు అంచు వెంట పోశారు. కవ్వం చప్పుడు మారింది. అంతసేపూ గలగలమన్నది బరువుగా, డొక్కుడొక్కుమని మోగడం మొదలైంది. మరో రెండు నిమిషాల్లో ఆవగింజలంత పలుకులు తేలాయి. అవి ఒకదానికొకటి అంటుకుని ముద్దకట్టాయి. వేసవిలో ఇదే పనికి ఐసు ముక్కలు వేస్తారట.

ఆ కప్పు నీళ్ల వెనక పెద్ద లెక్కే ఉంది. మీగడలోని కొవ్వు చిన్న చిన్న గోళాలుగా, సన్నని పొర చుట్టుకుని ఉంటుంది. చిలికినప్పుడు ఆ పొర చిరిగి, గోళాలు ఒకదానికొకటి అతుక్కోవాలి. కొవ్వు సగం గట్టిగా, సగం మెత్తగా ఉన్నప్పుడే అది జరుగుతుంది. మరీ చల్లబడితే గోళాలు ఢీకొని వెళ్లిపోతాయి. వేడెక్కితే జిడ్డుగా కరిగి మజ్జిగలో కలిసిపోతాయి. డెయిరీలు ఈ పని కోసం మీగడను పది నుంచి పద్నాలుగు డిగ్రీల దగ్గర నిలబెడతాయి. ఆవిడ దగ్గర థర్మామీటరు లేదు, చెవి ఉంది.

రెండు ముద్దలూ తయారయ్యాయి. నీళ్లు తేటగా వచ్చేదాకా మూడేసి సార్లు కడిగారు. మజ్జిగ మిగిలితే వెన్న త్వరగా చెడిపోతుంది. రెండూ ఒకే తెలుపు, ఒకే మెత్తదనం. వేడి రొట్టె మీద మొదటిది వేసుకున్నాను. నున్నగా కరిగింది, కాచిన పాల రుచి వచ్చింది, అంతలోనే పోయింది. రెండోది కరుగుతూనే ముక్కులోకి ఎక్కింది. మింగిన తర్వాత కూడా కమ్మదనం నోట్లో నిలిచింది. ఒకే ఖటాల్ పాలు, ఒకే గిన్నె మీగడ, ఒకే చెయ్యి. తేడా అల్లా ఒక్క రాత్రి.

ఆ రాత్రి మీగడలో ఏం జరిగిందో శాస్త్రవేత్తలు ఎప్పుడో తేల్చారు. పెరుగు తోడులోని కొన్ని బ్యాక్టీరియాలు పాలలోని చక్కెరను పులుపుగా మారుస్తాయి. వాటిలో కొన్ని జాతులు పాలలో సహజంగా ఉండే సిట్రేట్‌ను తిని డైఎసిటైల్ అనే పదార్థాన్ని వదులుతాయి. వెన్న వాసనకు మూలం ఇదేనని నెదర్లాండ్స్ పరిశోధకులు 1929లో ప్రకటించారు. కిలో వెన్నలో అది కొద్ది మిల్లీగ్రాములే ఉంటుంది, ముక్కుకు అంతే చాలు. ఈ జాతులు ఇరవై, ఇరవై రెండు డిగ్రీల దగ్గర నిదానంగా పనిచేస్తాయి. యూరప్‌లో పులియబెట్టిన వెన్న చేసేవాళ్లు మీగడను గంటల తరబడి ఉంచేది ఆ వేడి దగ్గరే. మండు వేసవిలో మీగడ గబగబా పులుస్తుంది, పులుపు పెరుగుతుంది గానీ వాసన అంతగా రాదు. "సలికాలం వెన్నే వెన్న" అని ఆవిడ అన్నది ఊరికే కాదు.

గమ్హరియా నుంచి తిరిగి వస్తుండగా గుర్తొచ్చింది వర్గీస్ కురియన్ జ్ఞాపకాల పుస్తకం 'ఐ టూ హ్యాడ్ ఎ డ్రీమ్'. అమూల్ డెయిరీని నడిపించిన కురియన్ యువకుడిగా ఉన్నప్పుడు ఈ ఊరికి పక్కనే, జంషెడ్‌పూర్‌లోని టాటా స్టీల్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందారు. దగ్గరి బంధువు జాన్ మత్తాయ్ టాటా సంస్థలో డైరెక్టరు. డైరెక్టరుగారి బంధువుగా చలామణీ కావడం ఇష్టం లేక జంషెడ్‌పూర్ వదిలారు. ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లొచ్చి, 1949 మే 13న గుజరాత్‌లోని ఆణంద్‌లో దిగారు.

అప్పటికి దేశంలో వెన్నంటే పోల్సన్ కంపెనీదే. 1946లో ఏర్పడిన ఖేడా జిల్లా రైతుల సహకార సంఘం పోల్సన్ గుత్తాధిపత్యాన్ని ఎదిరించి నిలబడింది. 1955లో నెహ్రూ చేతుల మీదుగా కొత్త డెయిరీ ప్రారంభమైంది, అమూల్ వెన్న వచ్చింది. చరిత్ర ఇంతకన్నా చాలా పెద్దది, కానీ నాకు కావలసింది దానిలోని ఒక చిన్న సంగతి. రైతుల డెయిరీ తాజా మీగడతో, శుభ్రంగా చేసిన వెన్న జనానికి చప్పగా అనిపించింది. పోల్సన్ మీగడను నిల్వ ఉంచి పులవనిచ్చేది, ఆ రుచికే నాలుకలు అలవాటు పడ్డాయి. చివరికి అమూల్ వాళ్లు డైఎసిటైల్‌ను బయటి నుంచి కలపాల్సి వచ్చిందని కురియన్ దాపరికం లేకుండా రాసుకున్నారు.

నేను ఆ పుటలు మూడుసార్లు చదివాను. నాకు కురియన్ అంటే గౌరవం. రైతుకు ధర, వినియోగదారుకు శుభ్రత, రెండూ ఇచ్చిన మనిషి. అయినా మన నాలుక కోరుకున్నది గమ్హరియా వంటింటి గట్టు మీద ఒక్క రాత్రిలో దానంతటదే పుట్టిన రుచినే అని ఆ పుటలు ఒప్పుకుంటున్నాయి. కర్మాగారానికి ఆ రాత్రి ఖరీదైనది. ఇంటికి ఉచితం.

పెట్టెలో: రంగు, ఉప్పు, మేత

పసుపు రంగు చూసి మోసపోవద్దు. పచ్చగడ్డిలోని కెరోటిన్ ఆవుపాల కొవ్వులోకి దిగి వెన్నకు పసుపు తెస్తుంది. గేదె ఆ కెరోటిన్‌ను విటమిన్ ఎ గా మార్చేస్తుంది కాబట్టి గేదె వెన్న తెల్లగానే ఉంటుంది. ప్యాకెట్ మీద 160బి అని ఉంటే అది జాఫ్రా గింజల రంగు. ఉత్తరాంధ్ర మన్యంలో పండే ఆ జాఫ్రాయే.

మన ఆహార భద్రతా నియమాల ప్రకారం టేబుల్ వెన్నలో కొవ్వు కనీసం 80 శాతం ఉండాలి, నీరు 16 శాతం, ఉప్పు 3 శాతం మించకూడదు. ఉప్పు కొవ్వులో కరగదు, ఆ కాస్త నీటిలోనే చేరుతుంది. వందకు రెండు గ్రాముల ఉప్పు వేసినా ఆ నీటి బొట్లు సముద్రపు నీటికన్నా మూడింతలు ఉప్పగా మారతాయి. వెన్న నిల్వ ఉండేది అందుకే. లోపాలను కప్పిపుచ్చేది కూడా ఆ ఉప్పే. వెన్న నాణ్యత తెలియాలంటే ఉప్పు లేనిదే రుచి చూడాలి.

మేత కూడా వెన్నలోకి వస్తుంది. పత్తిగింజల చెక్క ఎక్కువగా పెడితే వెన్న గట్టిపడుతుంది. పచ్చిమేత దొరికిన నెలల్లో మెత్తబడుతుంది. ఇంట్లో మూత లేని గిన్నెలో ఉల్లిపాయల పక్కన పెట్టిన వెన్న మర్నాటికి ఉల్లి వాసన వేస్తుంది, కొవ్వు వాసనలను అంత తేలిగ్గా పట్టేస్తుంది. వెలుతురు తగిలితే కారువాసన వస్తుంది. అందుకే రేకు కాగితం చుడతారు.

శుక్రవారం మధ్యాహ్నం కాపీ పంపే ముందు గమ్హరియా పెద్దావిడకు ఫోన్ చేసి, మొదటి ముద్ద ఏం చేశారని అడిగాను. కాచి నెయ్యి చేశారట. రెండోది పిల్లలు రొట్టెల్లోకి ఆ రోజే అవగొట్టారు.

మీ ఫ్రిజ్‌లో మీగడ గిన్నె నిండి ఉంటే రేపు పొద్దున చిలకకండి. రేపు సాయంత్రం గరిటెడు పెరుగు కలిపి, మూతపెట్టి, వంటింట్లో చల్లటి చోట ఉంచండి. ఎల్లుండి పొద్దున చిలకండి.