డీబగ్గరులో అంతర్గత ఉపప్రోగ్రాముల పేర్ల పరిధి

ఒక ఉపప్రోగ్రాము లోపల నిర్వచింపబడిన మరొక ఉపప్రోగ్రామును అంతర్గత ఉపప్రోగ్రాము అంటారు. దీనికి తన సొంత చలరాశులతో పాటు బయటి ఉపప్రోగ్రాము చలరాశులు కూడా అందుబాటులో ఉంటాయి. 1960 నాటి ఆల్గాల్ 60లోని ఈ సౌకర్యము తరువాత పాస్కల్, ఏడా భాషలకు సంక్రమించినది. ప్రామాణిక సీ భాషలో ఇది లేదు. జీసీసీ కంపైలరు మాత్రము అదనపు సౌకర్యముగా అందిస్తుంది. ఇటువంటి ప్రోగ్రామును మధ్యలో ఆపి ఒక చలరాశి విలువను అడిగినపుడు, ఆ పేరు ఏ ప్రకటనకు చెందినదో, ఆ చలరాశి ఏ ఫ్రేములో ఉన్నదో డీబగ్గరు తేల్చుకొనవలసి ఉంటుంది.

== పేరును వెదకుట ==
మొదటి పని సులభమే. డ్వార్ఫ్ పద్ధతిలో కంపైలరు డీబగ్ సమాచారమును చెట్టు ఆకారములో వ్రాస్తుంది; లోపలి ఉపప్రోగ్రాము వివరములు బయటి దాని క్రింద శాఖగా ఉంటాయి. డీబగ్గరు, ప్రోగ్రాము ఆగిన చిరునామాను బట్టి అన్నిటికంటె లోపలి బ్లాకును గుర్తించి, అక్కడినుండి మెట్టుమెట్టుగా బయటికి వెదకుతుంది. ఒకే పేరు రెండుచోట్ల ఉన్నచో లోపలిదే తీసుకొనబడుతుంది.

== ఏ ఫ్రేము? ==
చిక్కంతా ఇక్కడనే ఉన్నది. బయటి ఉపప్రోగ్రాము తనను తానే మూడుమార్లు పిలుచుకొన్నచో స్టాకులో దానికి మూడు ఫ్రేములు, దాని చలరాశికి మూడు ప్రతులు ఏర్పడతాయి. వాటి విలువలు వరుసగా 1, 2, 3 అనుకొందాము. మొదటి పిలుపు తన అంతర్గత ఉపప్రోగ్రామును పరామితిగా క్రిందికి పంపగా, మూడవ పిలుపు దానిని నడిపినది. భాషా నియమము ప్రకారము ఆ అంతర్గత ఉపప్రోగ్రాముకు కనిపించవలసిన విలువ 1. స్టాకులో దగ్గరగా ఉన్న ఫ్రేమును చూచే డీబగ్గరు మాత్రము 3 అని చెప్పును. దోష సందేశమేదీ రాదు కనుక, వాడుకరి లేని తప్పును వెదకుతూ కాలము వృథా చేసుకొనును. ఆల్గాల్ 60 కంపైలర్లు ఇటువంటి సందర్భములో తడబడుచున్నవో లేదో తేల్చుటకే డొనాల్డ్ నూత్ 1964లో "మ్యాన్ ఆర్ బాయ్" పరీక్షను రూపొందించెను.

నడుస్తున్న ప్రోగ్రాము సరియైన ఫ్రేమును చేరుటకు స్టాటిక్ లింకు అను గుప్త సూచికను వాడుకుంటుంది. ఎవరు పిలిచారన్నది కాక, ఎవరి లోపల పుట్టినదన్నది ఇది తెలుపుతుంది. దీనిని డీబగ్గరుకు తెలియజేయు గుణము 1993 నాటి డ్వార్ఫ్ రెండవ కూర్పులోనే ఉన్నది. డీబగ్గరు ఆ లింకు విలువను గణించి, స్టాకులో పైకి పోతూ, ఆధార చిరునామా దానితో సరిపోలిన ఫ్రేమును ఎంచుకొనవలెను. జీడీబీలో ఈ పద్ధతి 2015లో గాని చేరలేదు. అంతకు ముందు అది ఆ చలరాశి ఉన్న మొదటి ఫ్రేముతోనే సరిపెట్టుకొనేది. కొన్ని సందర్భములలో ఆ చలరాశియే లేని ఫ్రేమునుండి కూడా విలువను చదివేది.

లోపలి ఉపప్రోగ్రాము బయటి చలరాశులను వాడకపోతే కంపైలరు లింకును ఉంచకపోవచ్చును. అట్టిచో "అప్" ఆదేశముతో కావలసిన బయటి ఫ్రేమును వాడుకరి స్వయముగా ఎంచుకొని విలువను చూచుట మేలు.