అగ్రిమెంటా, సేల్ డీడా?

గోదావరిఖనిలో గనిపని నుండి దిగిపోయిన తండ్రులు గ్రాట్యుటీ సొమ్ముతో ప్లాటు కొనేటప్పుడు కాగితంలోని ఇంగ్లీషు చూసి బెదిరి సంతకం చేసేస్తారు. ప్లాట్ల బేరాలు కుదిర్చే యౌవనస్థులారా, ఆ మాటలు మీకైనా తెలియాలి కదా!

‘అగ్రిమెంట్ ఆఫ్ సేల్’ అంటే అమ్ముతానన్న ఒప్పందమే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, ఒప్పందం ఒక్కటే ఉంటే భూమి మీదవదు. మీదయ్యేది రిజిస్టరైన ‘సేల్ డీడ్’తోనే. ‘ఎన్‌కంబ్రెన్స్’ అంటే తాకట్టువంటి భారం. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఇ.సి. తీయిస్తే రిజిస్టరైన భారాలు బయటపడతాయి. తెల్లకాగితంపై రాసుకున్నవి అందులో కనబడవు సుమా.

అనాతోతు పొలాన్ని సొంత బంధువు దగ్గర కొంటూ కూడా యిర్మీయా సాక్షులను పెట్టి, ముద్రవేసిన పత్రం, వేయని పత్రం రెండూ భద్రం చేయించాడు.

కొనేవారికి ఈ మూడు మాటలు తెలుగులో విప్పి చెప్పాకే బయానా ముట్టండి.