సాలూరు రూట్‌లో ఆ బ్యాగు ఎవరిది?

ఒడిశా నుంచి సుంకి ఘాట్ దిగితే మనకి తగిలే మొదటి టౌను సాలూరు. గంజాయి కేసుల వార్తల్లో ఈ రూటు పేరు వింటూనే ఉంటాం. "ఈ బ్యాగు విజయనగరంలో ఇచ్చెయ్, ఐదు వేలు నీవి, లోపలేముందో నీకెందుకు" అంటాడొకడు. దొరికిపోయాక "నాకు తెలీదు సార్" అంటే సరిపోతుందా?

సరిపోదు. మామూలు కేసుల్లో మీకు తెలిసే చేశారని పోలీసులు నిరూపించాలి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో, సెక్షన్ 35 దగ్గర, కథ తిరగబడుతుంది. సరుకు మీ దగ్గర దొరికిందని తేలితే, మీకు తెలుసనే కోర్టు అనుకుంటుంది. తెలీదని మీరే నిరూపించుకోవాలి, అదీ అనుమానానికి తావు లేకుండా. కుర్రాడికి అది ఎంత కష్టమో ఆలోచించండి.

ఇక తూకం. కేజీ వరకు ఏడాది దాకా జైలు, అది దాటితే పదేళ్ల దాకా. 20 కేజీలు దాటిందా, తక్కువలో తక్కువ పదేళ్లు, పైగా లక్ష జరిమానా. మొదటి తప్పే కదా అని జడ్జిగారు జాలిపడినా అంతకంటే తగ్గించలేరు. బెయిల్ కూడా సెక్షన్ 37 వల్ల గగనమే.

"నేను బ్యాగు ముట్టుకోలేదు, ముందు బైక్ మీద వెళ్లి పోలీసులున్నారో లేదో ఫోన్‌లో చెప్పానంతే" అంటారా? దాన్నే పైలటింగ్ అంటారు. సెక్షన్ 29 కింద కుట్ర, శిక్ష కూడా అదే.

ఒక హక్కు మాత్రం ఉంది. మీ ఒంటిని తనిఖీ చేసేముందు గెజిటెడ్ అధికారి ఎదుటో మేజిస్ట్రేట్ ఎదుటో చేయమని అడగొచ్చు, సెక్షన్ 50. కానీ అది ఒంటికే, చేతిలో బ్యాగుకి కాదని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పేసింది.

ఎవరైనా అలా బ్యాగు అప్పజెప్పబోతే ఈగల్ టీమ్ నంబరు 1972.