విన్నదల్లా మందు కాదు

బాలలారా! ఉమ్మెత్త మొక్కను మీలో కొందరు చూచి ఉంటారు. ఇది బంజరు నేలల్లో, బాటల పక్కన పెరుగుతుంది. దీని పువ్వు గరాటు వలె పొడవుగా ఉంటుంది. కాయ గుండ్రంగా, ఒంటినిండా ముళ్ళతో ఉంటుంది. ఈ కాయలోని గింజలు విషం. వాటిని తింటే గొంతు ఎండిపోతుంది, గుండె వేగంగా కొట్టుకొంటుంది, మనిషికి మతి తప్పుతుంది. ప్రాణం పోయే ప్రమాదం కూడా ఉంది.

ఇటువంటి కాయను కొందరు మందు అని నమ్మారు. అది ఎలా జరిగిందో తెలుసుకొందాం.

2019 చివరలో చైనా దేశంలోని వూహాన్ నగరంలో ఒక కొత్త జబ్బు బయటపడింది. దానికి కోవిడ్-19 అని పేరు పెట్టారు. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని మహమ్మారి అని ప్రకటించింది. జబ్బును కలిగించే కరోనా వైరస్ బొమ్మను అందరూ పత్రికల్లో, టీవీలో చూచారు. బంతికి ముళ్ళు మొలిచినట్లు ఉంటుంది ఆ బొమ్మ. ఉమ్మెత్తకాయ కూడా అలాగే ఉంటుంది కనుక, దాని గింజల రసం తాగితే కరోనా రాదని చెప్పే వీడియో ఒకటి టిక్‌టాక్‌లో వచ్చింది. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లాలో సుమారు పదిమంది ఆ మాట నమ్మి రసం తాగారు. వారిలో పిల్లలు కూడా ఉన్నారు. తాగినవారు జబ్బుపడి ఆసుపత్రిలో చేరారు. వైద్యుల చికిత్స వల్ల ప్రాణాపాయం తప్పింది.

ఇరాన్ దేశంలో ఇంతకంటె ఘోరం జరిగింది. సారా తాగితే కరోనా పోతుందన్న వదంతి అక్కడ పుట్టింది. 2020లో మిథనాల్ అనే విషం కలిసిన సారా తాగి వందలమంది మరణించారు.

వీరంతా తెలివిలేనివారని అనుకోకండి. జబ్బు కొత్తది. మందు ఇంకా దొరకలేదు. భయంలో ఉన్న మనిషి ఏ మాటనైనా పట్టుకొంటాడు. పైగా ఆ మాట మన బాబాయి ఫోను నుండో, అత్తయ్య ఫోను నుండో వస్తుంది. మనవారు పంపారు కనుక నమ్ముతాం. కాని వారికి ఎవరు పంపారు?

మరొక కారణం కూడా ఉంది. కోవిడ్ వచ్చినవారిలో చాలామంది ఏ ప్రత్యేకమైన మందూ లేకుండానే కోలుకొన్నారు. ఆ రోజుల్లో కషాయం తాగినవారు కషాయం వల్లనే తగ్గిందని అనుకొన్నారు. అది తాగకపోయినా తగ్గేదేమో! ఈ సంగతి తెలిసేది ఎలా?

దానికి ఒక పద్ధతి ఉంది. హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందును మలేరియాకు, కొన్ని కీళ్ళ జబ్బులకు వాడతారు. 2020లో ఇది కోవిడ్‌ను నయం చేస్తుందని పెద్ద ప్రచారం జరిగింది. జనం ఎగబడి కొన్నారు. దానితో, రోజూ ఆ మందు అవసరమైన రోగులకు అది దొరకడం కష్టమయింది. అప్పుడు బ్రిటన్‌లో 'రికవరీ' అనే పరీక్షలో వైద్యులు ఆసుపత్రిలోని 1,561 మంది రోగులకు ఈ మందు ఇచ్చారు. 3,155 మందికి మామూలు చికిత్స మాత్రమే చేశారు. ఎవరు ఏ జట్టులో ఉండాలో చీట్లు వేసినట్లు నిర్ణయించారు. అందువల్ల బలమైనవారంతా ఒకే జట్టులో చేరిపోలేదు. 28 రోజుల తరువాత లెక్క చూచారు. మందు ఇచ్చినవారిలో నూటికి 27 మంది, ఇవ్వనివారిలో నూటికి 25 మంది మరణించారు. ఆ మందు ప్రాణాలు కాపాడలేదని తేలింది.

అదే పరీక్షలో డెక్సామెథసోన్ అనే చవక మందును కూడా చూచారు. వెంటిలేటరు యంత్రంతో శ్వాస తీసుకొంటున్న రోగుల్లో, మామూలు చికిత్స పొందినవారిలో నూటికి 41 మంది మరణించగా, ఈ మందు ఇచ్చినవారిలో నూటికి 29 మంది మాత్రమే మరణించారు. చేటతో చెరిగితే పొల్లు పోయి గింజ మిగులుతుంది. వైద్యంలో పరీక్ష అటువంటి చేట.

వేడి మిరియాల చారు తాగితే గొంతుకు హాయిగా ఉంటుంది. తాగవచ్చు. కాని దానిని నమ్ముకొని వైద్యుని వద్దకు వెళ్ళడం మానరాదు.

మీ ఇంటికి ఇటువంటి సందేశం వస్తే మూడు ప్రశ్నలు వేయండి. ఇది మొదట ఎవరు చెప్పారు? ఎంతమందిపై పరీక్షించారు? తీసుకోనివారితో పోల్చి చూచారా? జవాబు లేకపోతే ఆ సందేశాన్ని మరొకరికి పంపకండి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? పెద్దలు నమ్మితే వారిని ఎగతాళి చేయకండి. "తాతయ్యా! ముందు డాక్టరుగారిని అడుగుదామండీ" అని వినయంగా చెప్పండి. ఆ ఒక్క మాట ఒక ప్రాణాన్ని కాపాడవచ్చు.

ప్రశ్నలు

1. ఉమ్మెత్తకాయ కరోనాకు మందు అని కొందరు ఎందుకు అనుకొన్నారు?
2. రోగులను రెండు జట్లుగా చేయడంలో చీట్ల పద్ధతి ఎందుకు అవసరం?
3. మీ ఇంటిలో విన్న ఒక చిట్కాను తీసుకొని, పాఠంలోని మూడు ప్రశ్నలు వేసి చూడండి. మీకు దొరికిన జవాబులను ఐదు వాక్యాలలో రాయండి.