పండుగ కొనుగోళ్ళు – పదిలమైన పైకం

ఖరీఫ్ పంట చేతికందే వేళకే మన పల్లెలలో పండుగల వరుస మొదలవుతుంది. దసరా నాటికి పత్తి తొలి తీత, సంక్రాంతి నాటికి ధాన్యం అమ్మకం. కొనుగోలు కేంద్రంలో అమ్మిన పంట సొమ్ము నేడు నేరుగా రైతు ఖాతాలోనికే జమ అవుతున్నది. ఏడాది మొత్తంలో గ్రామీణ కుటుంబం చేతిలో పైకం ఆడే రోజులివి. పిల్లలకు కొత్త బట్టలు, కూతురికీ అల్లుడికీ పెట్టుపోతలు, ఇంటికి సున్నం, వీలైతే కాస్త బంగారం – ఖర్చులన్నీ ఒక్కమారే వచ్చి పడతాయి. ఈ సంగతి మనకెంత తెలుసునో, మోసగాళ్ళకూ అంతే తెలుసు.

అయితే ఆ సొమ్మంతా పండుగదే కాదు. అందులో పంట రుణం వాయిదా ఉన్నది. రబీ విత్తనానికీ ఎరువుకూ కావలసినది ఉన్నది. నెల జీతం అందుకొనే వ్యక్తి పోయిన ఐదు వేలను మరుసటి నెలలో కొంతవరకైనా సర్దుకొనగలడు. రైతుకు ఆ అవకాశం మరుసటి పంట వరకు లేదు. రుణం గడువు దాటినచో సకాల చెల్లింపునకు లభించే వడ్డీ రాయితీ పోతుంది. లోటు పూడ్చుటకు వడ్డీ వ్యాపారి గడప ఎక్కవలసి వస్తుంది. కనుకనే పండుగకు ముందు కొన్ని జాగ్రత్తలు తెలిసికొనుట అవసరం.

పండుగ ఫండ్లు

సంక్రాంతి ఫండు, దసరా ఫండు అనే పేర్లతో ఊరూరా సాగే పొదుపు మనకు కొత్త కాదు. వారానికి 100 రూపాయల చొప్పున 50 వారాలు కట్టినచో 5,000 రూపాయలు అవుతాయి. పండుగకు ముందు ఆ సొమ్మును కొంత అదనంతో గాని, బియ్యం, నూనె, చీర, స్టీలు సామాను రూపంలో గాని ఇస్తామంటారు. నడిపేవారు సాధారణంగా తెలిసినవారే. అందుచేతనే రసీదు అడుగుటకు మొగమాటపడతాము. ఏడాది పొడుగునా పోగైన సొమ్ము ఒక్క మనిషి చేతిలో ఉండుట ఇందలి అసలు ప్రమాదం. అతడు పరారైనా, తన వ్యాపారంలో నష్టపోయినా, కట్టినవారి చేతిలో మిగిలేది చిన్న కార్డు ముక్క మాత్రమే.

చిట్టీలకు 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ఉన్నది. దాని ప్రకారం రిజిస్ట్రారు ముందస్తు అనుమతి, నిర్వాహకుని హామీ తప్పనిసరి. అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో మరొక చట్టం వచ్చినది. నగల దుకాణాల నెలవారీ పథకాలు సాధారణంగా 11 నెలలకు పరిమితమగుటకు కూడా కారణం ఉన్నది. వస్తువు కోసం కంపెనీ తీసికొన్న అడ్వాన్సును 365 రోజులలో సర్దుబాటు చేయవలెనని 2014 నాటి డిపాజిట్ల నియమాలు చెబుతున్నవి. అట్టి చెల్లింపులకు బ్యాంకు డిపాజిట్లకు ఉన్న 5 లక్షల రూపాయల బీమా రక్షణ లేదు.

దీనికి ప్రత్యామ్నాయం మన సమీపంలోనే ఉన్నది. బ్యాంకులో 12 నెలల రికరింగ్ డిపాజిట్ తెరచి నెలకు 500 రూపాయలు వేసినచో, పండుగ నాటికి 6,000 రూపాయలు, దానిపై వడ్డీ చేతికి వస్తాయి.

ఫోను మాటున మోసం

యూపీఐ విధానం 2016లో ప్రారంభమైన తరువాత సంతలో కూరగాయలు అమ్మే అవ్వ వద్దకు కూడా క్యూఆర్ కోడ్ చేరినది. సౌకర్యం గొప్పదే. కాని ఒక్క సూత్రం ఇంటిల్లిపాదికీ కంఠస్థం కావలెను: పిన్ నంబరు డబ్బు పంపుటకే, డబ్బు పుచ్చుకొనుటకు పిన్ ఎన్నడూ అవసరం లేదు. "మీకు బహుమతి వచ్చింది, అందుకోవడానికి పిన్ కొట్టండి" అని ఎవరైనా చెప్పినచో అది మోసమే. వ్యక్తుల మధ్య డబ్బు అడిగే "కలెక్ట్" అభ్యర్థనలను ఈ దుర్వినియోగం వల్లనే 2025 అక్టోబరు 1 నుండి నిలిపివేసినారు. అయినను మోసగాళ్ళు కొత్త దారులు వెదకుతూనే ఉన్నారు.

మరొక పన్నాగం వినండి. ఫోనుకు డబ్బు జమ అయినట్లు సందేశం వస్తుంది. వెంటనే ఒక గొంతు: "అన్నా, వెయ్యికి బదులు పదివేలు పడ్డాయి. ఆసుపత్రికి దాచిన డబ్బు, తొమ్మిది వేలు తిరిగి పంపు అన్నా." జాలిపడి పంపుతాము. నిజానికి ఖాతాలో ఏమీ పడలేదు. ఆ సందేశమే కల్పితం. సందేశాన్ని నమ్మక ఖాతా నిల్వ చూచుకొనవలెను. నిజంగా పొరపాటున పడినదైతే బ్యాంకు ద్వారానే తిరిగి పంపవచ్చును.

పండుగ కానుక, ప్రభుత్వ పథకం అంటూ వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ళను తెరువరాదు. అవి ఫోనులో చేరి ఓటీపీలను దొంగిలించగలవు. దుకాణంలో కోడ్ స్కాన్ చేసినపుడు తెరపై కనిపించే పేరు సరిచూచిన పిదపనే పిన్ నొక్కవలెను. సగం ధరకు వస్తువు ఇస్తామనే కొత్త సైటుకు ముందుగా డబ్బు కట్టరాదు.

బంగారం, పట్టు

హాల్‌మార్కింగ్ తప్పనిసరిగా ప్రకటించిన జిల్లాలలో 2023 ఏప్రిల్ 1 నుండి ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడి లేని బంగారు నగలు అమ్మరాదు. రెండు గ్రాముల లోపు నగలకు మినహాయింపు ఉన్నది. నగపై బీఐఎస్ గుర్తు, 22 క్యారెట్లకు 916 అనే అంకె, హెచ్‌యూఐడి – ఈ మూడూ ఉన్నవో లేవో చూడవలెను. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య నమోదు చేసినచో నగ వివరాలు తెలుస్తాయి. పట్టుచీరకు సిల్క్ మార్క్, చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ గుర్తులు అడగవలెను. కొనునది ఏదైనను బిల్లు తప్పక తీసికొనవలెను. బిల్లు లేకుండా కొన్నచో తగ్గే నాలుగు రూపాయల కన్న, తరువాత ఫిర్యాదుకు ఆధారం లేకపోవుట పెద్ద నష్టం.

మోసపోయినచో

సిగ్గుపడి దాచుకొనుట రెండవ నష్టం. సొమ్ము ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు మారుతూ పోతుంది. చివరి ఖాతా నుండి నగదుగా తీసికొనక ముందే తెలిసినచో దానిని నిలిపివేసే అవకాశం ఉంటుంది. కావున తక్షణమే 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయవలెను. తరువాత బ్యాంకుకు తెలిపి రసీదు పొందవలెను. పిన్ చెప్పుట వంటి మన పొరపాటు వల్ల సొమ్ము పోయినను, బ్యాంకుకు తెలిపిన తరువాత జరిగే నష్టం బ్యాంకుదే అని రిజర్వు బ్యాంకు 2017 జూలైలో జారీ చేసిన ఉత్తర్వులు చెప్పినవి. ఆలస్యమైన ప్రతి గడియా మన నష్టాన్ని పెంచుతుంది.

నాసిరకం వస్తువు, అందని వస్తువు విషయంలో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చును. వస్తువుకు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల వరకైతే రుసుము లేదు. రెండు సంవత్సరాలలోగా ఫిర్యాదు వేయవలెను.

మోసగాడు మనిషిని తొందరపెడతాడు, ఎవరికీ చెప్పవద్దంటాడు. నిదానమూ, నలుగురితో సంప్రదింపూ ఆ రెండింటికీ విరుగుడు. మహిళా పొదుపు సంఘాలు పండుగ ముందు జరుపుకొనే సమావేశంలో పావుగంట ఈ విషయానికి కేటాయించి, 1930, 1915 నంబర్లను ప్రతి ఇంటి గోడపై వ్రాయించినచో ఎంతో మేలు. పంట కోసం పడిన చెమట పండుగ వెలుగుగా మారవలెను గాని, అప్పుగా మిగలరాదు.