దూరదర్శినికి చూపు దిద్దుట

విజయవాడ నగరమున ఆటోనగర్ అను ప్రాంతము కలదు. లారీలకు బాడీలు కట్టువారు, ఇంజనులు విప్పి కూర్చువారు, లేతు యంత్రములపై ఇనుమును చెక్కువారు అచ్చట తెల్లవారినది మొదలు శ్రమించుచుందురు. ఆ పనివారందరు ఎరిగిన సత్యమొకటి కలదు. బండి కొత్తదైనను, చక్రములు మంచివైనను, వాని అమరిక రవ్వంత తప్పినచో బండి ఒక ప్రక్కకు లాగును. టైరు ఒక అంచుననే అరిగిపోవును. అంతమాత్రమున చక్రమును పారవేయరు. దాని అమరికను సరిచేయుదురు. ఆకాశమును చూపు దూరదర్శినికిని ఈ న్యాయమే వర్తించును.

1668వ సంవత్సరమున న్యూటన్ మహాశయుడు దర్పణములతో పనిచేయు దూరదర్శినిని నిర్మించెను. ఇంటియొద్ద దూరదర్శినిని చేసికొనువారు నేటికిని ఆ పద్ధతినే ఎక్కువగా అనుసరించుచున్నారు. గొట్టము అడుగున ఒక పుటాకార దర్పణముండును. అది నక్షత్రకాంతిని ప్రోగుచేసి పైకి పంపును. గొట్టము పైభాగమున 45 డిగ్రీల వాలుగా నిలిపిన చిన్న సమతల దర్పణము ఆ కాంతిని ప్రక్కనున్న చూపుగొట్టములోనికి మరల్చును. అందలి అక్షికటకము బింబమును పెద్దదిగా చూపును. గొట్టమును, దర్పణపీఠమును, వానిని బిగించు బోల్టులను ఆటోనగర్ వంటి చోట చేయించుకొనుట కష్టము కాదు.

అయినను, ఎంతో ఆశతో శనిగ్రహమును చూడబోయిన బాలునికి ఒక్కొక్కప్పుడు వలయములకు మారుగా అలికినట్లున్న వెలుగు మాత్రమే కనబడును. దర్పణము చెడ్డదని తలచి అతడు దానిని అటకపై పడవేయును. దోషము పెక్కుమారులు దర్పణమున కాక దాని అమరికలో ఉండును. దర్పణము ఎంత కోణము వంగునో, దాని నుండి మరలిన కాంతి అంతకు రెట్టింపు కోణము తొలగును. 6 అంగుళముల వెడల్పును, 48 అంగుళముల నాభ్యంతరమును గల దర్పణమును తీసికొందము. దాని అంచువద్దనున్న బోల్టు చుట్టునకు 1 మిల్లీమీటరు చొప్పున కదలునదైనచో, పావుచుట్టు త్రిప్పినంతనే బింబము 5 మిల్లీమీటర్లకు పైగా ప్రక్కకు పోవును.

అమరికను పగటివేళ, నీడలో చేయవలెను. దూరదర్శినిని సూర్యుని వైపు ఎన్నడును త్రిప్పరాదు. దానితో సూర్యుని చూచినచో క్షణములో కన్ను పోవును. గొట్టమును అడ్డముగా పరుండబెట్టవలెను. అట్లు చేసినచో చేయిజారిన పనిముట్టు దర్పణముపై పడదు. పెద్ద దర్పణపు నడిబొడ్డున చిన్న కాగితపు చుట్టును అంటింపవలెను. ఆ చోటు చిన్న దర్పణపు నీడలోనే ఉండును గనుక కాంతికి లోటు రాదు. పిదప అక్షికటకమును తీసి, నట్టనడుమ సన్నని రంధ్రము చేసిన మూతను చూపుగొట్టమునకు బిగింపవలెను. మూత లోపలివైపు తెల్లగా ఉన్నచో, ఆ రంధ్రము దర్పణములో నల్లని చుక్కవలె కనబడును.

మొదట చిన్న దర్పణమును దిద్దవలెను. అది చూపుగొట్టమునకు సరిగా ఎదురుగా, గుండ్రముగా కనబడవలెను. దాని వెనుకనున్న మూడు మరమేకులను కొద్దికొద్దిగా త్రిప్పి, పెద్ద దర్పణపు కాగితపు చుట్టును చూపు నడుమకు తేవలెను. అటుపిమ్మట పెద్ద దర్పణము వెనుకనున్న మూడు బోల్టులను త్రిప్పుచు, నల్లని చుక్క కాగితపు చుట్టులోనికి వచ్చునట్లు చేయవలెను. ఒకరు రంధ్రము నుండి చూచుచు చెప్పుచుండగా, వేరొకరు బోల్టులను త్రిప్పుట సులభము. ఈ వరుస తప్పరాదు. చిన్న దర్పణమును మరల కదల్చినచో, పెద్ద దర్పణమును మరల దిద్దవలసినదే.

తుది పరీక్ష రాత్రివేళ జరుగును. గొట్టమును ఒక గంట ముందుగా ఆరుబయట ఉంచవలెను. దర్పణపు వేడి చల్లారనిదే బింబము నిలువదు. విజయవాడలో ధ్రువనక్షత్రము ఉత్తర దిగంతమునకు సుమారు 16½ డిగ్రీల ఎత్తున కనబడును. అది ఇంచుమించు కదలదు గనుక పరీక్షకు అనువైనది. దానిని చూపు నడుమ నిలిపి, అక్షికటకమును కొంచెము వెనుకకు జరిపినచో, చుక్క విచ్చుకొని, కొలనులో రాయి పడినపుడు లేచు అలలవలె వలయములు కనబడును. ఆ వలయములన్నిటికి కేంద్రమొక్కటియే అయినచో అమరిక కుదిరినట్లు. వలయములు ఒక ప్రక్కకు ఒరిగినచో, పెద్ద దర్పణపు బోల్టులను మరికొంత దిద్ది, నక్షత్రమును మరల నడుమకు తెచ్చి చూడవలెను.

మహాయంత్రములకును ఈ శ్రమ తప్పలేదు. 2021 డిసెంబరు 25న జేమ్స్ వెబ్ దూరదర్శినిని అంతరిక్షమునకు పంపిరి. దాని పెద్ద దర్పణము 18 ముక్కలుగా ఉన్నది. భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరమున నిలిచి, సప్తర్షి మండలము దిక్కుననున్న ఒక నక్షత్రమును అది చూచినపుడు, ఆ ఒక్క నక్షత్రమే 18 చుక్కలుగా కనబడెను. శాస్త్రజ్ఞులు నిరాశ చెందక, భూమి నుండియే ఒక్కొక్క ముక్కను కదల్చి, కొన్ని వారములలో ఆ 18 చుక్కలను ఒక్క చుక్కగా చేసిరి.

విజయవాడలో డాబాపై బోల్టును పావుచుట్టు త్రిప్పు విద్యార్థి చేయునదియు అట్టి పనియే. సాధనము సరిగా చూపనపుడు దానిని నిందించుటకు ముందు, దాని అమరికను ఒక్కమారు పరీక్షింపవలెను. అటకపై పడియున్న దర్పణమే ఆ రాత్రి శనివలయములను చూపవచ్చును.