తోడిపెండ్లికూతుళ్ళు నవ్వినప్పుడు

నవ్వు నాలుగు విధాల చేటని తెలుగువారికి ఒక సామెత కలదు. నవ్వే ఆడదానిని, ఏడ్చే మగవానిని నమ్మరాదని మరొకటి. ఈ రెండవ దానిని మొదట చెప్పిన పెద్దమనిషి ఎవరో గాని, నవ్వుతున్న స్త్రీని చూచి ఆయన కొంత భయపడినట్లే కనుపిస్తుంది. ఈ భయం తెలుగునాటికి పరిమితమైనదని తలపరాదు. 2007లో అమెరికాలోని వానిటీ ఫెయిర్ పత్రికలో క్రిస్టఫర్ హిచెన్స్ అనే ప్రసిద్ధ రచయిత, స్త్రీలకు హాస్యం చేతకాదని వాదిస్తూ ఒక వ్యాసం ప్రకటించినాడు. పురుషుడు స్త్రీని మెప్పించుటకై హాస్యాన్ని అలవరచుకొన్నాడట; స్త్రీకి ఆ అగత్యమే లేదట. వాదోపవాదాలు చెలరేగినవి. నాలుగేండ్ల తరువాత, 2011 మే 13వ తేదీన, అమెరికాలో ‘బ్రైడ్స్‌మెయిడ్స్’ అనే హాస్యచిత్రం విడుదలైనది. హిచెన్స్ వాదానికి బదులు చెప్పవలెనని ఎవరూ ఆ చిత్రాన్ని తీయలేదు. ఐనను ప్రేక్షకులలో అనేకులు దానిని బదులుగానే స్వీకరించినారు.

ఆ ఆంగ్లపదానికి తెలుగులో సరియైన మాట వెదకనక్కరలేదు. తోడిపెండ్లికూతురు అన్న మాట మనకు ఉండనే ఉన్నది. ఐతే మన తోడిపెండ్లికూతురు పెండ్లిపీటల చెంత కూర్చుండే చిన్నపిల్ల. క్రైస్తవ వివాహాలలో ఆ స్థానం పెండ్లికూతురి ప్రాణసఖులది. వారిలో ప్రధానురాలిగా ఎవరిని ఎన్నుకొంటే ఆమెయే ఆప్తులందరిలో ఆప్తురాలని లోకానికి చాటినట్లు. ఈ ఎన్నిక చుట్టూ అల్లుకొన్న ఈర్ష్య ఈ చిత్రానికి ఇతివృత్తం.

ఆనీ మిల్వాకీ నగరవాసిని. ఎంతో ముచ్చటపడి పెట్టుకొన్న కేకుల దుకాణం ఆర్థికమాంద్యంలో మూతపడినది. కూడబెట్టిన సొమ్ము పోయినది, తోడున్నవాడూ పోయినాడు. నగల దుకాణంలో కొలువు చేస్తూ, ఉంగరాలు కొనవచ్చిన ప్రేమజంటలకు ప్రేమ నిలువదని ఉపదేశించి యజమాని చేత చీవాట్లు తింటూ ఉంటుంది. అటువంటి సమయంలో బాల్యసఖి లిలియన్‌కు వివాహం నిశ్చయమైనది. ప్రధాన తోడిపెండ్లికూతురుగా ఉండవలసినది ఆనీయే. కాని పెండ్లికొడుకు పై అధికారి భార్య, అందగత్తె, భాగ్యవంతురాలు అయిన హెలెన్ మధ్యలో ప్రవేశిస్తుంది. ఆనీ ఒక కానుక ఇస్తే హెలెన్ పది ఇస్తుంది. ఆనీ రెండు మాటలు చెబితే హెలెన్ నాలుగు చెబుతుంది. స్నేహం క్రమంగా వేలంపాట వలె మారిపోతుంది.

ఈ కథను వ్రాసినవారు క్రిస్టెన్ విగ్, ఆనీ మమోలో అనే ఇరువురు స్త్రీలు. లాస్ ఏంజెలెస్‌లోని గ్రౌండ్లింగ్స్ అనే హాస్యనాటక బృందంలో ఆశుహాస్యాన్ని అభ్యసించినవారు. విగ్ ఆనీ పాత్రను ధరించినది. మమోలో విమానంలో భయంతో వణికిపోయే ప్రయాణీకురాలిగా కొన్ని నిమిషాలు కనుపిస్తుంది. దర్శకుడు పాల్ ఫీగ్. నిర్మాతలలో ముఖ్యుడు జడ్ ఆపటౌ. మోటు హాస్యాన్నీ మెత్తని మనసునూ ఒకచోట చేర్చే చిత్రాలకు ఆపటౌ అప్పటికే పేరు పడినవాడు. ఐతే ఆయన చిత్రాలలో మోటుదనమంతా మగవారిదే. స్త్రీలు వారిని మందలించి దారికి తెచ్చే పాత్రలుగా ఉండేవారు.

ప్రేక్షకుల స్పందనకు గీటురాయిగా నిలిచినది పెండ్లిదుస్తుల దుకాణంలో జరిగే దృశ్యం. ఆనీ చెలులనందరినీ ఒక చౌకబారు బ్రెజిల్ భోజనశాలకు తీసుకొనిపోయి మాంసం తినిపిస్తుంది. అటుపిమ్మట వారందరూ పాలవంటి తెల్లని వస్త్రాలు, మెత్తని తివాచీలు గల ఒక ఖరీదైన దుకాణంలో అడుగు పెడతారు. తిన్నది విషమించి కడుపులు తిరుగుతవి. తరువాత జరిగినదానిని ఆదివారపు పుటలలో సవిస్తరంగా వర్ణించుట పాడిగాదు. పెండ్లికూతురు ధరించిన తెల్లని వివాహవస్త్రంతోనే వీధిలోకి పరుగెత్తి, ఆవలి ప్రక్కకు చేరలేక నడివీధిలో కూలబడిపోతుందని మాత్రం చెప్పవచ్చును. మొదట వ్రాసిన కథలో ఈ దృశ్యం లేదు. ఆపటౌ, ఫీగ్‌లు కోరగా చేర్చినది. రచయిత్రులిద్దరూ మొదట వెనుకాడినారు. కొందరు విమర్శకులకు కూడ ఇది రుచింపలేదు; మగవారి చిత్రాల నుండి అరువు తెచ్చుకొన్న ఏహ్యమని వారి ఆక్షేపణ. ఆ ఆక్షేపణలో కొంత సత్యం లేకపోలేదు. అయినను ఆ సమయంలో ఆనీ ముఖాన్ని గమనించిన ప్రేక్షకుడు మరొకటి చూస్తాడు. తన తప్పు ఒప్పుకొనలేక, తనకేమీ కాలేదని బింకంగా నిలుచుండి, చెమటలు కారుతున్నా హెలెన్ అందించిన చక్కెర పూసిన బాదంపప్పును నమలుతుంది. ఆ అభిమానం, ఆ పేదరికపు సిగ్గు అరువు తెచ్చుకొన్నవి గావు.

భరతముని నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో నవ్వును ఆరు విధాలుగా విభజించినాడు. స్మితం, హసితం ఉత్తములవి. విహసితం, ఉపహసితం మధ్యములవి. అపహసితం, అతిహసితం అధములవి. కన్నుల నీరు గ్రమ్మగా, భుజాలు, శిరస్సు కంపింపగా నవ్వేది అపహసితం. పెద్దపెట్టున ఉద్ధతంగా, ప్రక్కలను చేతులతో పట్టుకొని నవ్వేది అతిహసితం. ఈ చిత్రం ఆడిన మందిరాలలో వినబడిన నవ్వు నిస్సందేహంగా ఈ కడపటి జాతికి చెందినదే. హాస్యరసం స్త్రీలయందును, నీచపాత్రలయందును అధికంగా కనుపిస్తుందని కూడ భరతుడు అన్నాడు. ఇరువురినీ ఒకే గాటకు కట్టుట నేటివారికి నచ్చకపోవచ్చు. కాని స్త్రీకి హాస్యం లేదని మాత్రం ఆయన అనలేదు! ఆ విషయంలో హిచెన్స్ కంటె భరతుడే నయం.

ఇంతకూ స్త్రీలు మోటుగా నవ్వుట, నవ్వించుట మన దేశంలో క్రొత్తదా? బంతిభోజనాల వేళ వియ్యాలవారిని వెక్కిరిస్తూ ఆడువారు పాడే పాటలను విన్నవారు అట్లనరు. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు తెరపైకి రాగానే నోటికి హద్దులుండవు. రామాయణ ఘట్టాలకు కన్నీరు పెట్టుకొన్న పల్లెజనమే ఆ మోటుమాటలకు పొట్ట చెక్కలయ్యేటట్లు నవ్వేవారు. తల్లుల ఒడిలో పిల్లలు కూడ మేలుకొనే ఉండేవారు. వయోధ్రువపత్రం అడిగినవారు లేరు.

ధ్రువపత్రం మాట వచ్చినది గనుక ఒక వివరం. అమెరికాలో 1934 నుండి కఠినంగా అమలైన నీతినియమావళిని తొలగించి, దాని స్థానంలో 1968 నవంబరు 1న వయస్సును బట్టి చిత్రాలను వర్గీకరించే పద్ధతిని ప్రవేశపెట్టినారు. అందులో ‘ఆర్’ అన్న అక్షరం పొందిన చిత్రానికి 17 ఏండ్లు నిండనివారు తల్లిదండ్రులతోనో, పెద్దవారైన సంరక్షకులతోనో రావలెను. ‘బ్రైడ్స్‌మెయిడ్స్’ ఈ వర్గంలోనిదే. మన ‘ఎ’ పత్రానికీ దీనికీ భేదమున్నది. మన దేశంలో 18 ఏండ్లు నిండనివారు ‘ఎ’ చిత్రానికి తండ్రి వెంట వచ్చినా ప్రవేశార్హులు కారు. 1952 నాటి చట్టాన్ని 2023లో సవరించి ‘యు.ఎ.’ వర్గాన్ని 7, 13, 16 ఏండ్ల మెట్లుగా విభజించినారు గాని ‘ఎ’ నియమం మారలేదు. అక్కడ నిర్ణయభారం తల్లిదండ్రులది, ఇక్కడ ప్రభుత్వానిది. చరవాణి తెరపై ఏ చిత్రమైనా చూడగలిగిన నేటి విద్యార్థి విషయంలో ఆ భారం ఎవరిదో ఉపాధ్యాయులే ఆలోచింపవలెను.

విడుదలకు ముందు వ్యాపారులకు గట్టి నమ్మకం లేదు. స్త్రీలు ప్రధానపాత్రలుగా గల మోటు హాస్యచిత్రానికి మగవారు రారని, వారు రానిదే డబ్బు రాదని చిత్రపరిశ్రమలో పాతుకొనిపోయిన అభిప్రాయం. ఇది తెలిసి కొందరు స్త్రీలు ఒకరికొకరు లేఖలు పంపుకొన్నారు. మొదటి వారాంతంలోనే వెళ్ళి చూడవలెనని, ఈ చిత్రం ఓడిపోతే స్త్రీలు వ్రాసిన మరికొన్ని చిత్రాలు పుట్టకముందే చచ్చిపోతవని వారి విన్నపం. రెబెకా ట్రేస్టర్ అనే రచయిత్రి దీనిని సామాజిక బాధ్యతగానే పేర్కొన్నది. నవ్వుకొనుటకు పోవడం కూడ ఒక కర్తవ్యమైపోయిన వింత అది. మగవారి హాస్యచిత్రం ఓడిపోతే ఆ ఒక్క చిత్రమే ఓడిపోతుంది. మగజాతికి హాస్యం చేతకాదని ఎవరూ తీర్పు చెప్పరు.

మొదటి వారాంతపు ప్రేక్షకులలో మూడింట రెండు వంతులు స్త్రీలు. వసూలు సుమారు 2 కోట్ల 62 లక్షల డాలర్లు. నిర్మాణవ్యయం 3 కోట్ల 25 లక్షలు. విశేషమంతా రెండవ వారాంతంలో ఉన్నది. సాధారణంగా రెండవ వారంలో వసూళ్ళు సగానికి సమీపంగా పడిపోతవి. ఈ చిత్రానికి ఐదవ వంతు మాత్రమే తగ్గి, సుమారు 2 కోట్ల 10 లక్షలు వచ్చినది. చూచినవారు చూడనివారికి చెప్పినారన్నమాట. అమెరికా, కెనడాలలో మొత్తం సుమారు 16 కోట్ల 90 లక్షలు, ప్రపంచమంతట 28 కోట్ల డాలర్లకు పైగా వసూలైనది. అంతవరకు ఆపటౌ నిర్మించిన చిత్రాలన్నిటినీ ఇది మించిపోయినది.

ఇక్కడ ఒక చిక్కు కలదు. తొలినాటి రాత్రి చిత్రమందిరపు వాకిటనే ప్రేక్షకుల చేత మార్కులు వేయించే సినిమాస్కోర్ అనే సంస్థ అమెరికాలో 1979 నుండి పనిచేస్తున్నది. ఆ రాత్రి ఈ చిత్రానికి వచ్చిన మార్కు ‘బి ప్లస్’. ఇంతగా నవ్వించి, వారాల తరబడి ఆడిన చిత్రానికి అది గొప్ప మార్కు కాదు. లోపల ప్రక్కలు పట్టుకొని నవ్వినవారే వెలుపలికి వచ్చి, కలము చేత పట్టగానే కొంత పెద్దరికం వహించినారేమో! పరీక్షాపత్రాలు దిద్దే ఉపాధ్యాయులకు ఈ మనస్తత్వం అపరిచితం గాదు. తరగతిలో నవ్వు తెప్పించిన సమాధానానికి కాగితంపై మార్కు తగ్గించడం కలదు గదా!

అపహాస్యం ఎంత ఉన్నా, జనాన్ని మరల రప్పించినది అదే అనుకొనుట పొరపాటు. చిత్రం మధ్యలో మాటలు లేని చిన్న దృశ్యం ఉన్నది. దుకాణం పోయిన తరువాత బేకింగ్ జోలికి పోవడం మానుకొన్న ఆనీ, ఒకనాడు ఒంటరిగా వంటయింట నిలిచి ఒకే ఒక చిన్న కప్పుకేకు చేస్తుంది. దానిపై ఎంతో ఓపికతో చక్కెరపూవు తీర్చిదిద్దుతుంది. ఒక నిమిషం దానివంక చూచి, కొరికి తినివేస్తుంది. కొనేవారు లేరు, మెచ్చుకొనేవారూ లేరు. సాహిత్యదర్పణకారుడైన విశ్వనాథుడు హాస్యానికి కరుణం విరోధి అన్నాడు. శాస్త్రం అట్లు చెప్పినా, కన్యాశుల్కం చదివిన తెలుగు విద్యార్థికి ఈ విరోధం ఎంత పలుచనిదో తెలుసును. గిరీశం మాటలకు నవ్వుతున్న పాఠకునికి, అమ్ముడుపోనున్న పసిపిల్ల సంగతి ఒక క్షణమైనా మరపునకు రాదు. ఈ అమెరికా చిత్రంలో కూడ హాస్యం క్రింద ప్రవహించేది దుఃఖమే: ఉద్యోగం పోయిన ముప్పదేండ్లు పైబడిన స్త్రీ, తన స్నేహితురాలు తనను దాటి ముందుకు పోతున్నదని గ్రహించడం.

ఈ విజయం తరువాత దారి తెరచుకొన్నదని చాలమంది వ్రాసినారు. కొంత తెరచుకొన్నది. 2017లో నలుగురు నల్లజాతి స్త్రీల స్నేహాన్ని గూర్చి వచ్చిన ‘గర్ల్స్ ట్రిప్’ అమెరికాలో 11 కోట్ల డాలర్లకు పైగా ఆర్జించినది. 2023లో ఆసియా సంతతి స్త్రీలతో ఇదే మార్గంలో వచ్చిన ‘జాయ్ రైడ్’ ప్రేక్షకులను రప్పించలేకపోయినది. ప్రతిసారీ మరల మొదటి నుండి రుజువు చేసుకొనవలసిన అవస్థ తప్పలేదు.

చిత్రంలోని పాత్రలన్నింటిలో ప్రేక్షకుల స్పందన ఎక్కువగా మారినది మెగన్ విషయంలో. పెండ్లికొడుకు చెల్లెలు, స్థూలకాయురాలు, మాటలో, నడకలో మొరటుది. మెలిస్సా మెకార్తీ ధరించిన ఈ పాత్రను మొదట జనం చూచి నవ్వినది ఆమె ఆకారానికే. లావుపాటి స్త్రీని నవ్వులపాలు చేయడం ఈ చిత్రానికి గూడ తప్పలేదని కొందరు నొచ్చుకొన్నారు. ఆ నొప్పి న్యాయమైనదే. కాని చివరి భాగంలో, స్నేహితురాలిని పోగొట్టుకొని తల్లి ఇంట సోఫాపై పడి ఏడుస్తున్న ఆనీని వెదకుకొంటూ వచ్చేది హెలెన్ గాదు, మెగన్. పాఠశాలలో తాను పడిన అవమానాలను చెబుతుంది. వారెవరినీ లక్ష్యపెట్టక చదువుకొని ప్రభుత్వంలో ఎంత రహస్యమైన ఉద్యోగానికి ఎదిగినదో చెబుతుంది. ఆ వేషానికి 2012లో ఆస్కారు సహాయనటి పురస్కారానికి మెకార్తీ పేరు, కథకు విగ్, మమోలోల పేర్లు పరిశీలనకు వచ్చినవి. రెండూ ఇతరులకు దక్కినవి. ఆ సోఫా దృశ్యంలో గూడ మెగన్ నీతులు చెప్పి ఊరుకొనదు. ఎదురు తిరిగి పోరాడుమని ఆనీ మీద పడి పెనుగులాడుతుంది, కొడుతుంది, చివరకు కరుస్తుంది గూడ. నవ్వవలెనో ఊరకుండవలెనో తేల్చుకొనే వ్యవధి ప్రేక్షకునికి ఇవ్వదు.